బంధువులు ‘బందు’ కాకూడదంటే: రకరకాల కాగితాల మీద ఇంటి ప్రింటర్‌తో అచ్చు

మొన్న మా అక్క పెళ్ళికి తమిళంలో పత్రికలు శివకాశిలో వేయించాం. కోవిల్‌పట్టిలో ఉన్న మా అవ్వ మాత్రం, “దేవుని ముందర పెట్టను తెలుగులో కొన్ని ఉండాల పాపా” అన్నది. ఇరవై కార్డుల కోసం ప్రెస్సులో ప్లేటు చేయించలేం కదా! నేనే హ్యాండ్‌మేడ్ పేపర్ కొని, ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌లో వేద్దామనుకున్నాను.

మా ఇంట్లో అందరం మాట్లాడేది తెలుగే, చదివేది రాసేది తమిళం. తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే. అంటే తప్పు పడితే పట్టుకునేవాళ్ళు ఇంకెవరూ లేరు.

మొదటి కార్డు చూడగానే బాగుందనిపించింది. దగ్గర పెట్టి చదివితే ‘బంధుమిత్రులు’ కాస్తా ‘బందుమిత్రులు’ అయ్యారు. ధ కింద ఉండే చిన్న గీత సిరాలో కలిసిపోయింది. పిలిచేది పెళ్ళికా, బందుకా?

ఎందుకిలా అయ్యింది? ఇంక్‌జెట్ సిరా చాలావరకు నీళ్ళలాంటిది. హ్యాండ్‌మేడ్ పేపర్‌లో నారలు వదులుగా ఉంటాయి, సిరాను పీల్చుకుని పక్కకు పాకిస్తాయి. ప్రెస్సుల్లో వాడే ఆఫ్‌సెట్ సిరా నూనెతో చేసిన చిక్కటిది, అంతగా పాకదు. తెలుగులో ద-ధ, ప-ఫ, డ-ఢ లకు తేడా చిన్న గీతే. ఒత్తులు ఇంకా చిన్నవి. అందుకే దెబ్బ ముందు వాటికే తగులుతుంది.

నేను చేసిన మార్పులు ఇవి. అక్షరాల సైజు 10 నుంచి 16కు పెంచాను. లావు అక్షరాలు తీసేసి, మండలి లాంటి సాదా ఫాంట్ పెట్టాను. ప్రింట్ క్వాలిటీ ‘హై’ నుంచి ‘నార్మల్’కు తగ్గించాను, సిరా తక్కువ పడుతుంది. కాగితం మీది పొట్టును మెత్తటి బ్రష్‌తో దులిపాను, లేకపోతే అది ప్రింటర్‌లోకి పోతుంది. షీట్లను ఏ4 కొలతకు, అంటే 210 × 297 మిల్లీమీటర్లకు కోసి, వెనక ట్రేలో ఒక్కొక్కటిగా పెట్టాను. ఇంక్‌జెట్‌లో కాగితం మరీ పల్చగా ఉంటే, ముందు అంచును మామూలు ఏ4 కాగితానికి టేపుతో అంటించి పంపొచ్చు. లేజర్‌లో మాత్రం ఇలా చేయకండి, వేడికి టేపు జిగురు కరుగుతుంది.

మిగతా కాగితాల సంగతి. గోధుమరంగు క్రాఫ్ట్ పేపర్ మీద నలుపు, ముదురు రంగులే కనిపిస్తాయి. ప్రింటర్‌లో తెల్ల సిరా ఉండదు కాబట్టి తెలుపు అనుకున్న చోట కాగితం రంగే మిగులుతుంది. ట్రేసింగ్ పేపర్, బంగారు పూత కాగితం సిరాను పీల్చవు, ముట్టుకుంటే చెరిగిపోతుంది. జెరాక్సు అంగళ్ళలో ఎక్కువగా ఉండే లేజర్ మిషన్‌లో సిరాకు బదులు పొడి ఉంటుంది. దాన్ని 200 డిగ్రీల దగ్గర వేడితో కాగితానికి అతికిస్తారు. అందుకే ట్రేసింగ్ పేపర్‌కు లేజరే మేలు. కానీ మెరుపుల కాగితం, మైనం పూత, ప్లాస్టిక్ షీటు అందులో పెట్టకండి, కరిగి లోపల అంటుకుంటే మిషన్ పాడవుతుంది. ముందే అంగడి అన్నను అడగండి.

ఇంకొకటి. మన ఊళ్ళ అంగళ్ళలో తెలుగు ఫాంట్ లేకపోతే, వర్డ్ ఫైలులో అక్షరాల బదులు డబ్బాలు వస్తాయి, లేదా ఒత్తులు విడిపోతాయి. పిడిఎఫ్ చేసి తీసుకెళ్ళండి. అసలు కాగితం మీద ఒకే ఒక్కటి వేసి, పూర్తిగా ఆరనిచ్చి, అక్షరం అక్షరం చదివాకే మిగతావి వేయండి.

నాలుగో కార్డుకు ధ సరిగ్గా వచ్చింది. అవ్వకు చదివి వినిపించాను. “మన ఊరి పేరు ఏది?” అన్నది. వేలు పట్టి చూపించాను. పాడైన మూడు కార్డులూ ఈ పక్కనే అంటించాను, తేడా మీరే చూడండి.