తుపానుకు నిలిచే గిడ్డంగి

కోస్తా జిల్లాలలో సార్వా వరికోతల కాలమును, తుపానుల కాలమును ఒక్కటే. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విరుచుకుపడినది అట్టి దినములలోనే. కనుక గ్రామమునకు గిడ్డంగి నిర్మింపదలచిన పంచాయతీ సభ్యులు మొదట కప్పును గూర్చి యోచింపవలెను.

పెనుగాలి కప్పును పైకి లేవనెత్తును. రెండు వాలుల కప్పుకంటె నాలుగు వాలుల కప్పు దానికి బాగుగా ఓర్చును. చూరు పొట్టిగా ఉండవలెను. రేకులను కొక్కెపు బోల్టులతో బిగించి, అంచులవెంట బోల్టులను మరింత దగ్గరగా వేయింపవలెను. కప్పును దూలములకు, దూలములను స్తంభములకు, స్తంభములను పునాదికి ఇనుపకట్లతో బంధింపవలెను. వీనిలో ఏ ఒక్క కట్టు వదులైనను తక్కినవి వ్యర్థమే. తలుపు ఊడినచో గాలి లోపలినుండియు కప్పును ఎత్తును గనుక అడ్డగడియ తప్పనిసరి. నేలను వెనుకటి వరదమట్టముకంటె ఎత్తుగా వేయవలెను.

ఇందువలన ఖర్చు కొంత పెరుగును గాని ఊరి విత్తనము దక్కును. అయితే గిడ్డంగి ధాన్యమునకు మాత్రమే. ఉప్పెన హెచ్చరిక వచ్చినప్పుడు మనుష్యులు తుపాను షెల్టరునకే పోవలెను.