టెలిఫోనులో మాట సన్నగిల్లినప్పుడు

ములుగు జిల్లాలోని ఏటూరునాగారము గోదావరి చెంత, అడవుల నడుమ నున్నది. 1986లోను, 2022లోను గోదావరికి వచ్చిన మహావరదలను మన మెఱుగుదుము. అట్టి వేళలందు ఆఫీసు టెలిఫోనులో ఒక్కమాట వినబడకున్నను ప్రమాదమే. అయినను అచట పనిచేయు సోదరిని "గట్టిగా మాటలాడుము" అని గద్దించుటయే గాని, దోషము కంఠమునదా, యంత్రమునదా యని విచారించువా రరుదు.

ఆ విచారణ కష్టము కాదు. మనకు వినబడనిచో రిసీవరు చెవివైపును, మన మాట అవతలివారికి వినబడనిచో నోటివైపును చూడవలెను. ధ్వనిని హెచ్చించు మీట సాధారణముగా చెవివైపునకే పనిచేయును. నోటివైపు రంధ్రములలోని దుమ్మును పొడిబట్టతో తుడువవలెను, తడి తగులరాదు. పాతకాలపు యంత్రములలో బొగ్గురేణువులు బిగిసికొని మాట సన్నగిల్లెడిది. మెల్లగా తట్టినచో విడివడెడివి.

పిమ్మట అదే రకపు వేఱొక రిసీవరును తగిలింపుడు. మాట స్పష్టమైనచో దోషము మొదటి రిసీవరునందో, దాని తీగయందో కలదు. గదినుండి గదికి మాట బాగుండి, బయటి ఊళ్లకు మాత్రమే సన్నగిల్లుచున్నచో వెలుపలి తీగను శంకింపవలెను. వానకాలపు తేమచే అతుకులకు చిలుము పట్టుట కలదు. దానిని సరిచేయుట పనివారి వంతు.

సోదరీమణులారా! ఇన్నియు పరీక్షించిన పిమ్మటగాని మీ కంఠమును నిందించుకొనకుడు.