బ్రిటన్‌లో ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ సైన్స్: ఏం నేర్పుతారు, ఏ డిగ్రీ దేనికి పనికొస్తుంది

ఆటగాళ్ల శరీరం గురించి చదవాలని బ్రిటన్ వెళ్లే విద్యార్థి ముందు రెండు చదువులు ఉంటాయి. ఒకటి స్పోర్ట్స్ సైన్స్, రెండోది ఫిజియోథెరపీ. శరీరం ఎంత శ్రమను తట్టుకోగలదు, ఎందుకు అలసిపోతుంది, శిక్షణతో ఎలా మారుతుంది అన్నవి స్పోర్ట్స్ సైన్స్ పరిధిలోకి వస్తాయి. గాయపడిన, జబ్బుపడిన మనిషిని పరీక్షించి మళ్లీ కదిలేలా చేయడం ఫిజియోథెరపీ. చట్టం దృష్టిలో తేడా ఇంకా పెద్దది. అక్కడ ఫిజియోథెరపిస్టునని చెప్పుకోవాలంటే హెల్త్ అండ్ కేర్ ప్రొఫెషన్స్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరుండాలి. పేరు లేకుండా ఆ హోదా వాడుకోవడం నేరం. స్పోర్ట్స్ సైంటిస్టు అన్న పేరుకు అలాంటి చట్టబద్ధమైన కట్టుబాటు లేదు.

ఫిజియోథెరపీ వృత్తికి అక్కడ నూట ముప్ఫై ఏళ్ల చరిత్ర ఉంది. మర్దన చికిత్స పేరుతో జరుగుతున్న మోసాల నుంచి తమ పనిని కాపాడుకోవడానికి 1894లో నలుగురు నర్సులు ఒక సంఘం పెట్టుకున్నారు. 1920లో దానికి రాయల్ ఛార్టర్ దక్కింది. ఇప్పటి ఛార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ అదే. నేడు అక్కడి రోగి చాలాచోట్ల డాక్టర్ చీటీ లేకుండానే నేరుగా ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లవచ్చు. అదనపు శిక్షణ పొందినవారికి స్వతంత్రంగా మందులు రాసే అధికారం కూడా ఉంది. బాధ్యత ఇంత ఉంది కాబట్టే చదువు కూడా అంత కట్టుదిట్టంగా ఉంటుంది.

స్పోర్ట్స్ సైన్స్ చదువు ల్యాబ్ చుట్టూ తిరుగుతుంది. విద్యార్థులే ఒకరి తర్వాత ఒకరు ట్రెడ్‌మిల్ ఎక్కుతారు. ముక్కూ నోరూ కప్పే మాస్కు, ఛాతీకి గుండె వేగం కొలిచే పట్టీ ఉంటాయి. కొన్ని నిమిషాలకోసారి వేగం పెంచుతూ, ప్రతి దశ చివర వేలి కొసనో చెవి తమ్మెనో గుచ్చి ఒక రక్తపు బొట్టు తీసి, అందులో లాక్టేట్ ఎంతుందో చూస్తారు. వేగం తక్కువగా ఉన్నంతసేపు ఆ అంకె పెద్దగా కదలదు. ఒక స్థాయి దాటాక గబగబా పెరుగుతుంది. ఆ మలుపు ఏ వేగం దగ్గర వచ్చిందో తెలిస్తే, ఆ రన్నర్‌కు శిక్షణ ఎంత జోరుగా ఇవ్వాలో తేలుతుంది. మాస్కు ఇచ్చే లెక్క వేరు. శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో అది చెబుతుంది. శిక్షణ లేని ఆరోగ్యవంతుడైన యువకుడిలో ఇది కిలో బరువుకు నిమిషానికి 40 మిల్లీలీటర్ల పైచిలుకు ఉంటే, మేటి దూరపు పరుగు వీరుల్లో 70 దాటుతుంది. ఈ కొలతకు 1920లలో పునాది వేసినవారిలో ముఖ్యుడు, 1922 నోబెల్ బహుమతి పంచుకున్న బ్రిటిష్ శాస్త్రవేత్త ఏ.వి. హిల్.

ఫిజియోథెరపీ తరగతిలో మాత్రం మొదట శిక్షణ చేతులకే. మోకాలి లోపలి ముందరి లిగమెంటు, అంటే ఏసీఎల్, తెగిందో లేదో చూసే పరీక్షనే తీసుకుందాం. పడుకున్న మనిషి మోకాలిని ఇరవై, ముప్ఫై డిగ్రీలు వంచి, ఒక చేత్తో తొడను కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో కింది ఎముకను ముందుకు లాగాలి. లిగమెంటు బాగుంటే ఎముక కాస్త కదిలి ఠక్కున ఆగుతుంది. తెగితే ఆ ఆగడం ఉండదు, మెత్తగా జారిపోతుంది. ఈ తేడా పుస్తకం చదివితే రాదు. అందుకే విద్యార్థులు షార్ట్స్, బనియన్లతో బల్లమీద పడుకుని ఒకరి మోకాళ్లను ఒకరు పరీక్షించుకుంటారు. మన ఊళ్ల నుంచి వెళ్లినవారికి ఇది మొదట్లో బిడియంగానే ఉంటుంది. అసలు పాఠం అంతకన్నా ముందే మొదలవుతుంది. చేయి వేయకముందే ఏం చేయబోతున్నారో చెప్పి, అవతలి మనిషి అనుమతి తీసుకోవాలి. ప్రాక్టికల్ పరీక్షలో దీనిని కచ్చితంగా చూస్తారు.

క్యాంపస్‌లో నేర్చుకున్నదాన్ని ఆసుపత్రిలో పరీక్షకు పెట్టేవి ప్లేస్‌మెంట్లు. చదువు ముగిసేలోగా ఇవి దాదాపు 1000 గంటలు ఉండాలని ఛార్టర్డ్ సొసైటీ ఆశిస్తుంది. ఆటగాళ్లకు చికిత్స చేయాలన్న కలతో వచ్చిన విద్యార్థి ఇక్కడ పక్షవాతం వచ్చినవారిని కూర్చోబెట్టడం, ఐసీయూలో రోగి ఊపిరితిత్తుల్లోని కఫం బయటికి తెప్పించడం, తుంటి ఎముక విరిగిన వృద్ధుల చేత మొదటి అడుగు వేయించడం నేర్చుకుంటారు. కొందరికి ఇది నిరాశ కలిగిస్తుంది గానీ, మంచి ఫిజియో తయారయ్యేది ఇక్కడే. ప్లేస్‌మెంటుకు జీతం ఉండదు, సమయం మాత్రం పూర్తి ఉద్యోగమంత పడుతుంది. చదువు రోజుల్లో వారానికి 20 గంటల పార్ట్‌టైమ్ పనికి వీసా ఒప్పుకున్నా, ప్లేస్‌మెంట్ వారాల్లో అంత తీరిక చిక్కడం కష్టం. ఇంటి దగ్గర ఖర్చుల లెక్క వేసుకునేటప్పుడు ఇది మరిచిపోకూడదు.

మన దేశంలో బీపీటీ, అంటే ఫిజియోథెరపీ డిగ్రీ, చదివి వెళ్లినవారికి గట్టిగా తగిలే మార్పు యంత్రాల విషయంలో. మన క్లినిక్‌లలో నడుము నొప్పి అనగానే ఐఎఫ్‌టీ (విద్యుత్ తరంగాల చికిత్స), అల్ట్రాసౌండ్, ట్రాక్షన్ (నడుమును సాగదీసే చికిత్స) పెట్టడం మామూలు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ, నడుము నొప్పికి ఈ మూడూ ఇవ్వవద్దని 2016లోనే చెప్పింది. వాటి స్థానంలో వ్యాయామానికి, రోగికి విషయం అర్థమయ్యేలా చెప్పడానికి పెద్దపీట వేసింది. ఫలానా చికిత్స ఎందుకు ఎంచుకున్నారని అధ్యాపకులు అడిగినప్పుడు ‘మా దగ్గర ఇలాగే చేస్తారు’ అన్న జవాబు చెల్లదు. ఆధారం చూపాలి.

ఆటల విషయంలో ఈ ఆధారాలు ఎంత పనికొస్తాయో ఏసీఎల్ శస్త్రచికిత్స చూపిస్తుంది. శస్త్రచికిత్స తర్వాత తొందరపడి మైదానంలోకి దిగితే ముప్పు ఎంతో 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనం తేల్చింది. తొమ్మిది నెలల వరకు ఒక్కో నెల ఆగినకొద్దీ మళ్లీ గాయపడే రేటు సగానికి పడిపోతోంది. అందుకే ఆటగాడు క్యాలెండర్ చూసి కాక పరీక్షలు గట్టెక్కి తిరిగి రావాలంటారు. ఒంటికాలిపై గెంతినప్పుడు గాయపడిన కాలు రెండో కాలు దాటిన దూరంలో కనీసం 90 శాతమైనా దాటాలన్నది వాటిలో ఒకటి. 1994లో మోకాలు దెబ్బతిన్న పుల్లెల గోపీచంద్ శస్త్రచికిత్సలు చేయించుకుని 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన సంగతి తెలుగువారందరికీ తెలుసు. ఆ కాలంలో మన ఆటగాళ్లకు అందుబాటులో ఉన్న పునరావాస సాయం చాలా పరిమితం.

కోర్సు ఎంపికలోనే మనవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. అక్కడ ఫిజియోథెరపిస్టుగా తీర్చిదిద్దేవి మూడేళ్ల బీఎస్సీ లేదా రెండేళ్ల ప్రీ-రిజిస్ట్రేషన్ ఎమ్మెస్సీ. స్కాట్లాండ్‌లో బీఎస్సీ నాలుగేళ్లు. ఈ ఎమ్మెస్సీ ప్రధానంగా స్పోర్ట్స్ సైన్స్ వంటి వేరే డిగ్రీ ఉన్నవారి కోసం ఉద్దేశించింది. మన బీపీటీ పట్టభద్రులు ఎక్కువగా చేరే ఏడాది ఎమ్మెస్సీలు, స్పోర్ట్స్ ఫిజియోథెరపీ అని పేరున్నా సరే, సాధారణంగా రిజిస్ట్రేషన్ తెచ్చిపెట్టవు. దానికి బీపీటీ సిలబస్, ఇంటర్న్‌షిప్ వివరాలు, పని అనుభవం చూపి కౌన్సిల్‌కు విడిగా దరఖాస్తు చేయాలి. ఇంగ్లిష్ రుజువుగా ఐఈఎల్‌టీఎస్ ఇస్తే మొత్తం మీద 7, ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకుండా రావాలి. ఇక స్పోర్ట్స్ సైన్స్‌లో ఎంత పెద్ద డిగ్రీ ఉన్నా, లఫ్‌బరో వంటి పేరున్న విశ్వవిద్యాలయంలో చదివినా, దానితో రోగికి ఫిజియోథెరపిస్టుగా చికిత్స చేయడం కుదరదు.

కాబట్టి ఫీజు కట్టేముందు, కన్సల్టెన్సీ మాట మీద ఆధారపడకుండా, ఈ కోర్సు పూర్తిచేస్తే రిజిస్ట్రేషన్‌కు అర్హత వస్తుందా అని విశ్వవిద్యాలయానికే మెయిల్ రాసి అడగండి. కౌన్సిల్ ఆమోదించిన కోర్సుల జాబితా దాని వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో ఉంటుంది. అందులో మీ కోర్సు పేరు ఉందో లేదో మీరే స్వయంగా చూసుకోండి.