రెండో గుంపు అంకె ఎంత?

సెల్‌ఫోన్‌కు మెసేజ్‌లు పంపితే షుగర్ వచ్చే ముప్పు 36 శాతం తగ్గిందని 2013లో చెన్నై నుంచి ఒక అధ్యయనం వచ్చింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులతో కలిసి చేసిన పని అది. మందు లేదు, ఖర్చు లేదు, ఉత్త ఎస్సెమ్మెస్‌లు. 36 శాతం అంటే చిన్న మాట కాదు. అయితే ఇలాంటి అంకె కనిపించగానే నేను ముందు వెతికేది ఇంకో అంకెని: మెసేజ్‌లు అందని వాళ్లకు ఏమైంది?

ఆ ట్రయల్‌లో ఉన్నవాళ్లంతా 35 నుంచి 55 ఏళ్ల మధ్య వయసు మగవాళ్లు, ఉద్యోగస్తులు. షుగర్ ఇంకా రాలేదు. గ్లూకోజ్ నీళ్లు తాగించి రెండు గంటలాగి రక్తం తీస్తే మాత్రం ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. మన ఇళ్లలో ‘బోర్డర్‌లో ఉంది’ అంటామే, ఆ దశ. ఇలాంటివాళ్ల కోసం 8,741 మందిని జల్లెడ పడితే చివరికి 537 మంది మిగిలారు. వాళ్లను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. మొదటి రోజు అందరికీ కూర్చోబెట్టి తిండి గురించీ నడక గురించీ చెప్పారు, రాసిన కాగితం చేతికిచ్చారు. ఆ తర్వాత 271 మందికి తరచుగా మెసేజ్‌లు వెళ్లాయి. మిగతా 266 మందికి వెళ్లలేదు. తేడా అంతే.

సగటున ఇరవై నెలలు గడిచాయి. మెసేజ్‌లు అందినవాళ్లలో 50 మందికి షుగర్ వచ్చింది, అందనివాళ్లలో 73 మందికి. వందకు కడితే దాదాపు 18, 27. అంటే వందమందికి మెసేజ్‌లు పంపితే తొమ్మిది మంది తప్పించుకున్నట్టు. ఇంకోలా చెప్పాలంటే ఒక్కరికి షుగర్ రాకుండా ఆపడానికి 11 మందికి మెసేజ్‌లు పంపాలి. 36 శాతం అనే మాటా ఈ తేడాలోంచి, షుగర్ వచ్చే వేగం మీద కడితే, వచ్చిందే. అబద్ధం కాదు. కానీ ఆ అంకెను విడిగా వింటే వందలో 36 మంది బయటపడ్డారన్న భ్రమ కలుగుతుంది. పైగా ఆ 36కు ఇరువైపులా అంచులున్నాయి. గణాంకాల ప్రకారం అసలు లాభం 8 శాతం నుంచి 55 శాతం దాకా ఎక్కడైనా ఉండొచ్చు. పేపర్లో హెడ్డింగ్ పెట్టేటప్పుడు ఈ అంచులే ముందు ఎగిరిపోతాయి.

శాతాల మోసం ఎంతదాకా పోతుందో చూడాలంటే పాత ట్రయల్స్‌ రెండు పక్కపక్కన పెట్టాలి. అమెరికాలో 27 కేంద్రాల్లో 3,234 మందితో జరిపిన ‘డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్’ ఫలితాలు 2002లో వచ్చాయి. బరువు 7 శాతం తగ్గాలి, వారానికి 150 నిమిషాలు నడవాలి, నేర్పడానికి మనిషికో శిక్షకుడు, 16 పాఠాలు. షుగర్ ముప్పు 58 శాతం తగ్గింది. ప్రపంచమంతా ఇప్పటికీ ఈ అంకెనే జపిస్తుంది. దానికి మన జవాబుగా చెన్నైలో 531 మందితో జరిగిన ‘ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్’ 2006లో వచ్చింది. అక్కడ జీవనశైలి మార్పుతో తగ్గింది 28.5 శాతమే. అమెరికా వాళ్లు మనకంటే రెండింతలు బాగా చేశారనిపిస్తుంది కదా?

ఇప్పుడు రెండో గుంపు అంకెలు చూడండి. అమెరికాలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో మూడేళ్లలో దాదాపు 29 శాతానికి షుగర్ వస్తే, జీవనశైలి గుంపులో 14 శాతం చిల్లరకు వచ్చింది. చెన్నైలో ఏమీ చేయని గుంపులో మూడేళ్లకు ఏకంగా 55 శాతానికి వచ్చింది, జీవనశైలి గుంపులో 39 శాతానికి. తప్పించుకున్నవాళ్లను లెక్కపెడితే అమెరికాలో వందకు 14, 15 మంది, చెన్నైలో వందకు 16 మంది. ఒక్కరిని కాపాడటానికి అక్కడ దాదాపు ఏడుగురికి శిక్షణ ఇవ్వాలి, ఇక్కడా ఆరేడుగురికే. (58 అనేది ఏడాదికేడాది షుగర్ వచ్చే వేగం మీద కట్టిన లెక్క. మూడేళ్ల మొత్తం మీద చూస్తే సగమే కనిపిస్తుంది.) అంటే 58, 28.5 అని అంత దూరంగా కనిపించిన రెండు కార్యక్రమాలు నేల మీద దాదాపు సమానం. మనవాళ్ల శాతం చిన్నగా కనిపించడానికి ఒక ముఖ్య కారణం, మన రెండో గుంపు అంత వేగంగా షుగర్‌లోకి జారిపోవడం. అమెరికా ట్రయల్‌లో సగటు బీఎంఐ 34, చెన్నైలో 26 కూడా లేదు. లావు లేకుండానే ఇంత ముప్పు. ఆ 55 శాతం గురించి మనం ఎక్కువ మాట్లాడుకోవాల్సింది. దేశంలో బోర్డర్‌లో ఉన్నవాళ్లు 13.6 కోట్ల మంది అని ఐసీఎంఆర్ సర్వే 2023లో లెక్క తేల్చింది మరి.

చెన్నైలో ఇంకో విశేషం ఉంది. బరువు పెద్దగా తగ్గకుండానే షుగర్ ముప్పు తగ్గింది. ఎస్సెమ్మెస్ ట్రయల్‌లోనూ అంతే. నడకలో తేడా రాలేదు, నడుము కొలతలో తేడా రాలేదు, తిండిలో వచ్చింది.

రెండో గుంపు లేకపోతే ఏమవుతుందో చేతికి కట్టే బ్యాండ్ల కథలో బాగా తెలుస్తుంది. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం 18 నుంచి 35 ఏళ్ల లోపు వాళ్లు 471 మందిని తీసుకుని బరువు తగ్గించే ట్రయల్ చేసింది. ఫలితాలు 2016లో వచ్చాయి. మొదటి ఆరు నెలలు అందరికీ ఒకే తిండి నియమం, ఒకే వ్యాయామం, ఒకే రకం సమావేశాలు. తర్వాత సగం మంది తిన్నదీ నడిచిందీ తామే వెబ్‌సైట్లో రాసుకోవాలన్నారు. మిగతా సగానికి జబ్బకు కట్టుకునే బ్యాండ్ ఇచ్చారు, కదలికలను అదే లెక్కపెడుతుంది. ఫోన్లో సలహాలు రెండు గుంపులకీ అందాయి. రెండేళ్లకు బ్యాండ్ గుంపు సగటున 3.5 కిలోలు తగ్గింది. ‘మా బ్యాండ్‌తో రెండేళ్లలో మూడున్నర కిలోలు’ అని ఎవరైనా ప్రకటన వేస్తే ఒక్క అక్షరం తప్పు పట్టలేం. కాకపోతే బ్యాండ్ లేనివాళ్లు 5.9 కిలోలు తగ్గారు. ఎందుకలా అన్నదానికి ఊహలు చాలా ఉన్నాయి, ఇంత నడిచాం కదా అని ఇంకో ప్లేటు లాగిస్తారన్నది అందులో ఒకటి. ట్రయల్ ఆ ఊహను తేల్చలేదు, తేల్చింది ఆ 2.4 కిలోల తేడానే.

సింగపూర్‌లో డ్యూక్-ఎన్‌యూఎస్ వైద్య కళాశాల అదే ఏడాది ఇంకో సంగతి బయటపెట్టింది. 13 సంస్థల్లో పనిచేసే 800 మంది ఉద్యోగులు. కొందరికి అడుగులు లెక్కపెట్టే ఫిట్‌బిట్, ఇంకొందరికి ఫిట్‌బిట్‌తో పాటు డబ్బు కూడా: వారంలో 70 వేల అడుగులు దాటితే 30 సింగపూర్ డాలర్లు. డబ్బిచ్చినన్నాళ్లూ నడిచారు. ఆరు నెలలకు డబ్బు ఆపేశారు. ఏడాది తిరిగేసరికి ఫిట్‌బిట్ ఇంకా పెట్టుకున్నవాళ్లు పదిమందిలో ఒక్కరు. బరువులో, బీపీలో ఏ గుంపుకీ చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు.

ఇక మన గడ్డ మీద జరిగింది. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లాలో 18 పీహెచ్‌సీలు, 54 ఊళ్లు, నలభై దాటినవాళ్లు 62,194 మంది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ చేసిన ‘స్మార్ట్ హెల్త్’ ట్రయల్ ఇది, 2019లో అచ్చయింది. ఆశా కార్యకర్త ట్యాబ్ పట్టుకుని ఇంటికి వస్తుంది. అరుగు మీద కూర్చోబెట్టి బీపీ చూస్తుంది. వయసెంత, చుట్టా బీడీ తాగుతారా, ఇదివరకు గుండెపోటో పక్షవాతమో వచ్చిందా అని అడిగి ఒక్కొక్కటీ ట్యాబ్‌లో నొక్కుతుంది. రాబోయే కాలంలో గుండె జబ్బు ముప్పు ఎంతో ట్యాబే లెక్కగట్టి చెబుతుంది. ముప్పు ఎక్కువుంటే పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి పంపుతుంది. ఆయన దగ్గరా ట్యాబ్ ఉంటుంది, ఏ మందు మొదలుపెట్టాలో సూచిస్తుంది. ఎక్కువ ముప్పున్నవాళ్లుగా తేలినవారు 8,642 మంది.

ఇక్కడ ‘మీ ఊరికి ట్యాబ్ ఇవ్వం’ అని ఎవరితోనూ అనలేదు. పీహెచ్‌సీలను విడతలవారీగా కార్యక్రమంలోకి తెచ్చారు. ముందు వచ్చిన ఊళ్లతో ఇంకా రాని ఊళ్లను పోల్చారు. అందరికీ చివరికి అందుతుంది, పోల్చడానికి గుంపూ మిగులుతుంది. మంచి ఏర్పాటు. ఫలితం మాత్రం నిరాశే: బీపీ అదుపులో ఉన్నవాళ్ల శాతంలో ట్యాబ్ వచ్చిన కాలానికీ రాని కాలానికీ తేడా తేలలేదు. నాకైతే ఇందులో ఆశ్చర్యం లేదు. ఫలానావాడికి బీపీ ఉందని ట్యాబ్ చెప్పగలదు. నెలనెలా పీహెచ్‌సీలో ఆ మాత్ర ఉండాలి, డాక్టరు ఉండాలి, కూలి పని మానుకుని మనిషి వెళ్లాలి. ఈ మూడూ ట్యాబ్ చేతిలో లేవు. ఇది విఫలమైన ట్రయల్ అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. రాష్ట్రమంతా ట్యాబ్‌లు కొనేముందు తెలుసుకోవాల్సిన సంగతి 18 పీహెచ్‌సీల ఖర్చుతో తెలిసింది.

రెండో గుంపు ఎందుకు ఊరుకోదు? ఏమీ చేయకపోయినా ఎందుకు మెరుగవుతుంది? మూడు కారణాలు కళ్ల ముందే ఉన్నాయి. ట్రయల్‌లో చేరే రోజున బీపీ 150 ఉన్నవాళ్లనే ఎంచుకున్నామనుకోండి. అందులో కొందరు ఆ రోజు మెట్లెక్కి వచ్చినవాళ్లు, రాత్రి నిద్ర లేనివాళ్లు. మళ్లీ కొలిస్తే ఎలాగూ తగ్గుతుంది. ఎత్తు నుంచి ఎంచుకున్న గుంపు సగటు వైపు జారడం అంకెల స్వభావం, మందుతో పనిలేదు. రెండోది, మూడు నెలలకోసారి రక్తం తీస్తారని తెలిసినవాడు ముందు వారం స్వీటు ముట్టడు. మూడోది, మందుల ట్రయల్‌లో అయితే ఉత్తుత్తి మాత్ర ఇచ్చి ఎవరికేం ఇచ్చారో దాచొచ్చు, నడకకు ఉత్తుత్తి నడక లేదు. తనకు మెసేజ్‌లు రావడం లేదని తెలిసిన మనిషి పొరుగువాడి దగ్గర చదివి పాటిస్తాడు. అందుకే కేరళలో 1,007 మందితో చేసిన షుగర్ నివారణ ట్రయల్‌లో మనుషులను కాక పోలింగ్ ఏరియాలను, మొత్తం 60 తీసుకుని, లాటరీ వేశారు. అక్కడ రెండేళ్లకు షుగర్ వచ్చినవాళ్లు కార్యక్రమం అందినవైపు 14.9 శాతం, అందనివైపు 17.1 శాతం. ఆ మాత్రం తేడా యాదృచ్ఛికంగానూ రావచ్చని గణాంకాలు అన్నాయి.

చెన్నై ఎస్సెమ్మెస్‌లకు కొనసాగింపూ ఉంది. ఇంపీరియల్ కాలేజీతో కలిసి అదే బృందం ఇండియాలో, బ్రిటన్‌లో కలిపి 2,062 మందితో మెసేజ్‌ల ట్రయల్‌ను పెద్ద ఎత్తున చేసింది. ఈసారి మనుషులను ఎంచుకున్నది గ్లూకోజ్ తాగించి కాదు, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చూపే పరీక్ష) 6.0 నుంచి 6.4 మధ్య ఉందా అని చూసి. రెండేళ్ల తర్వాత 2020లో వచ్చిన జవాబు: రెండు గుంపుల మధ్య నమ్మదగిన తేడా లేదు. 36 శాతం గురించి రాసినవాళ్లలో ఎంతమంది ఈ రెండో వార్త రాశారో గానీ, ఇప్పటికీ యాప్‌ల ప్రకటనల్లో ‘మెసేజ్‌లతో షుగర్ నివారణ నిరూపితం’ అన్న ధోరణే వినిపిస్తుంది.

ఏదైనా యాప్ ‘క్లినికల్‌గా నిరూపితం’ అంటే సరిచూసుకోవడానికి మనకో చోటుంది. 2007లో మొదలైన క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్ ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. ట్రయల్ పేరు కొడితే ఎంతమందిని తీసుకుంటామన్నారో, పోల్చే గుంపు ఉందో లేదో, ముందుగా దేన్ని కొలుస్తామన్నారో కనిపిస్తుంది. బీపీ కొలుస్తామని నమోదు చేసుకుని చివర్లో ‘యాప్ వాడినవాళ్ల సంతృప్తి 90 శాతం’ అని ప్రకటిస్తే, బీపీ సంగతేమైందని అడగొచ్చు. పోల్చే గుంపు ఉండాల్సిన గడిలో ‘లేదు’ అని ఉంటే, ఆ కంపెనీ చెప్పే శాతాన్ని చదవక్కర్లేదు.