ఇంజెక్టర్లు మార్చాక ఇంజిన్ మొరాయిస్తోందా? ముందు పొగను గమనించండి

ఇంజెక్టర్ నాజిళ్లు మార్పించిన తర్వాత ట్రాక్టర్ సులభంగా స్టార్ట్ కాకపోతే, కొత్త నాజిళ్లే పనికిరానివని నిర్ధారించడం తొందరపాటే అవుతుంది. లోపం బిగింపులోనూ ఉండవచ్చు.

డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో ఒత్తిడికి వేడెక్కిన గాలిలో సన్నని తుంపరగా పడిన ఇంధనం తనంతట తానే మండుతుంది. అందువల్ల ఇంధనం, గాలి ఒత్తిడి, వేడి వీటిలో ఏది తగ్గినా ఇంజిన్ మొరాయిస్తుంది.

స్టార్టర్ తిప్పినప్పుడు పొగ అసలు రాకపోతే, సిలిండర్లకు ఇంధనం అందడం లేదని భావించాలి. పైపులు విప్పినప్పుడు చొరబడిన గాలి ఇందుకు ప్రధాన కారణం. పాత తరహా పంపు గల ఇంజిన్లలో ఫిల్టర్ వద్ద స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగే వరకు చేతి పంపు కొట్టాలి.

తెల్లటి పొగ వస్తే ఇంధనం చేరుతోంది, కానీ మండటం లేదు. పాత రాగి వాషర్ లోపలే ఉండిపోగా దానిపై కొత్తది వేశారేమో చూడాలి. బ్యాటరీ బలం, హీటర్ ప్లగ్‌లు కూడా పరీక్షించాలి.

రాత్రంతా నిలిపి ఉంచాక మాత్రమే ఇబ్బంది ఎదురైతే, రిటర్న్ పైపు అతుకుల గుండా గాలి చేరుతుండవచ్చు.

కామన్ రైల్ ఇంజిన్లలో అధిక పీడన పైపులను ఎన్నడూ వదులు చేయరాదు. ఆ ధార చర్మాన్ని చీల్చుకుపోగలదు. పలు మోడళ్లలో కొత్త ఇంజెక్టర్ కోడ్‌ను కంప్యూటర్‌లో నమోదు చేయించడం తప్పనిసరి.