వార్తల్లో పదం: హోస్ట్ కమ్యూనిటీ ట్రస్టు

చమురు బావులున్న ఊళ్లకు ఆ రాబడిలో కొంత దక్కాలని నైజీరియా 2021లో పెట్రోలియం పరిశ్రమ చట్టం తెచ్చింది. కంపెనీ ముందటి ఏడాది నిర్వహణ ఖర్చులో 3 శాతానికి సమానమైన సొమ్మును ఏటా ఆ ఊళ్ల పేరున జమచేయాలి. ఆ సొమ్మును ఖర్చుపెట్టే వ్యవస్థే హోస్ట్ కమ్యూనిటీ ట్రస్టు.

నైజర్ డెల్టాలోని ఒలోయిబిరిలో చమురు పడింది 1956లో. ఈ చట్టం రావడానికి అరవై అయిదేళ్లు పట్టింది. ఈలోగా పిల్లలు పుట్టారు, చమురు కలిసిన నీళ్లే తాగి పెరిగారు. 2011లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ ఆ డెల్టాలోనే ఉన్న ఒగోనీ ప్రాంతంలో పరీక్షిస్తే, ఒక ఊరి బావుల్లో క్యాన్సర్ కారకమైన బెంజీన్ అనుమతించిన స్థాయికి 900 రెట్లకు పైగా తేలింది. తల్లి గర్భం దాల్చకముందు ఇంటి దగ్గర్లో చమురు ఒలికినా, పుట్టిన బిడ్డ నెలలోపు చనిపోయే ముప్పు పెరుగుతోందని 2019 నాటి అధ్యయనం ఒకటి చెప్పింది.

ట్రస్టు నిధుల్లో 75 శాతం శాశ్వత నిర్మాణాలకే పోవాలి. బడి గది, ఆసుపత్రి భవనం అవసరమే, కాదనలేం. కానీ పసిబిడ్డ మెదడు, ఎముక ఎదిగే తొలి వెయ్యి రోజుల్లో కావలసింది మంచినీళ్లు, కడుపునిండా తిండి, టీకా, వచ్చి చూసే నర్సు. వీటికి ఏటేటా ఖర్చు ఉంటుంది. శంకుస్థాపన ఫలకాలు ఉండవు.

నాకు బాధ కలిగించే నిబంధన మరొకటుంది. విధ్వంసం వల్ల పైపులైను దెబ్బతింటే మరమ్మతు ఖర్చును ఆ ఊరి వాటాలోంచే కోస్తారు. గొట్టానికి కన్నం వేసింది ఎవరైనా, కోత పడేది పిల్లల బడికీ ఆసుపత్రికీ రావలసిన డబ్బులోనే.