అరిగిన త్రోవ

నేడు నేను ముచ్చటింపబూనినది ఒక చిన్న కథను గూర్చి. పేరు 'అరిగిన త్రోవ'. అమెరికా దక్షిణభాగమందలి మిసిసిపీ రాష్ట్రమున పుట్టి పెరిగిన యూడొరా వెల్టీ అను రచయిత్రి దీనిని 1941లో ప్రకటించెను. ఆమె తెల్లజాతి స్త్రీ. కథలోని అవ్వ నల్లజాతిది. ఆ కాలమున అచ్చట ఉభయ జాతులకును బడులు వేఱు, రైలుపెట్టెలు వేఱు. ఆ భేదమును నిషేధించు చట్టము 1964లో గాని రాలేదు.

అవ్వ పేరు ఫీనిక్స్ జాక్సన్. బానిసత్వము తొలగిన 1865 నాటికే తనకు బడియీడు దాటినదని చెప్పుకొనును. కావున ఆమె పుట్టుక దాస్యములోనే యని మనము గ్రహింపవచ్చును.

డిసెంబరు నెల, మంచు పేరిన ఉదయము. తలకు ఎఱ్ఱగుడ్డ చుట్టుకొని, చక్కెర సంచులతో కుట్టిన ముంగుడ్డ కట్టుకొని, గొడుగుకఱ్ఱతో నేలను తట్టుచు ఆమె అడవిత్రోవను బయలుదేరును. ముండ్లపొద గౌనును పట్టి లాగును. వాగుమీది దుంగపై కన్నులు మూసికొని నడచును. ముండ్లతీగ కంచె క్రింద ప్రాకును. ఎండిన మొక్కజొన్న చేలో దిష్టిబొమ్మను చూచి దయ్యమనుకొని, పిదప తన్ను తానే నవ్వుకొనును.

ఒక నల్లకుక్క మీదికి రాగా గోతిలో పడును. తెల్లవాడగు వేటకాడొకడు లేవనెత్తును. మేలే చేసెను; కాని ఆమెను 'అవ్వా' యని పిలుచును. పెద్దలిచ్చట ఒక సంగతి గమనింపవలెను. మన యూళ్లలో ముదుసలిని అవ్వా యనుట మర్యాద. అచ్చటి తెల్లవారో, నల్లవారిని 'శ్రీమతి' యనుట తమకు తక్కువని తలచి, వారిలోని వృద్ధస్త్రీలను అత్త యనియు అవ్వ యనియు పిలుచుచుండిరి. వరుస కలిపినట్లుండును, గౌరవము ఎగగొట్టుటయే దాని పని.

అతని జేబునుండి ఐదు సెంట్ల నాణెమొకటి జాఱిపడును. అతడు కుక్కను తరుముచుండగా అవ్వ దానిని తీసి దాచుకొనును. తలపై నొక పిట్ట ఎగిరిపోవును. దేవుడు చూచుచున్నాడని ఆమె మనస్సు కలుక్కుమనును. అతడు తిరిగివచ్చి వేడుకకు తుపాకి గురిపెట్టును. భయము లేదా యని యడుగగా, తాను చేసినదానికంటె తక్కువకే తుపాకులు పేలుట చూచితినని ఆమె బదులు చెప్పును. ఎనుబది యేండ్ల చరిత్ర ఆ యొక్క మాటలో ఇమిడియున్నదని నాకు తోచును. డబ్బుంటే పది సెంట్లిచ్చి యుందునే యని అతడు బొంకి సాగిపోవును.

నాచెజ్ పట్టణమున వైద్యశాల మెట్లెక్కి నిలిచిన వెంటనే, ధర్మమునకు వచ్చినదని అచ్చటి ఉద్యోగిని ముద్ర వేయును. నర్సు మనుమని సంగతి యడుగును. అవ్వ పలుకదు. వచ్చిన పనియే మఱచిపోయినది! చివరకు నర్సు, పిల్లవాడు చనిపోలేదు గదా యనును. అప్పుడు జ్ఞాపకము వచ్చును. రెండు మూడేండ్ల క్రిందట బాలుడు ఘాటైన క్షారము మ్రింగెను; గొంతు మానలేదు; ఊపిరాడనపుడెల్ల మందునకై ఆమె నడిచి రావలెను. లోకమున వారిద్దరే. ఆమె రాగలిగినంత కాలము మందు ఉచితము.

నేనీ కథ మొదట చదివినపుడు ఆ మఱపువద్ద ఆగితిని. బుద్ధి తప్పినను కాళ్లు త్రోవ తప్పలేదు. అన్నిమార్లు నడచినది గనుకనే అది అరిగిన త్రోవ.

ఆ బాలుడు నిజముగా బ్రదికియున్నాడా యని పాఠకులు పలువురు వెల్టీకి జాబులు వ్రాసిరి. 1974లో ఆమె వ్యాసరూపమున ప్రత్యుత్తరమిచ్చెను: మనుమడు ప్రేరణ మాత్రమే, ఆ పోవుటయే కథ యని. చలికాలపు పొలములలో దూరముగా ఒంటరిగా నడచిపోవు ఒక ముదుసలిని చూచుటతోనే తనకీ కథ పుట్టినదనియు తెలిపెను.

ఉద్యోగిని పండుగకని మఱి ఐదు సెంట్లిచ్చును. వెరసి పది. కాగితపు గాలిమర యొకటి కొని, చేతిలో నిలువుగా పట్టుకొని ఇంటికి పోవుదుననుకొనును. అట్టి వస్తువు లోకమున నున్నదని పిల్లవాడు నమ్మనే నమ్మడట. ఆమె అడుగుల చప్పుడు మెట్లు దిగిపోవుచుండగా కథ ముగియును.